లైటు వెలుగుతూనే ఉంది, అయినా నన్ను చూడలేదట

చక్రధారి:
నిన్న సాయంత్రం పెద్ద గండం తప్పింది. చేతుల్లో వణుకు ఇంకా పూర్తిగా పోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఆఫీసు నుంచి సైకిలు మీద ఇంటికి వస్తున్నా. చీకటి పడే వేళ. ముందు లైటు వేసే ఉంది, వెనక ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటోంది, ఒంటి మీద కళ్ళు జిగేలుమనే పసుపు జాకెట్టు. నేను నేరుగా పోతున్నా. పక్క రోడ్డు మొగలో ఒక కారు ఆగి ఉంది. డ్రైవరు నా వైపు తల తిప్పాడు. చూశాడులే అనుకున్నా. సరిగ్గా నేను కారు ముందుకొచ్చేసరికి బండి కదిలింది. రెండు బ్రేకులూ బిగించేశా. వెనక చక్రం పక్కకు జారింది, బంపరుకు జానెడు దూరంలో ఆగా. ఆయన అద్దం దించి "అయ్యో, అసలు కనిపించలేదండీ" అన్నాడు. అబద్ధమాడినట్టు లేదు, నాకంటే ఆయన ముఖమే ఎక్కువ పాలిపోయింది.

నా సందేహం ఒకటే. ఇంతకు మించి ఏం తగిలించుకోవాలి ఒంటికి? నడిచే కరెంటు స్తంభంలా తయారవ్వాలా?

గొలుసునూనె:
దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. ముందు ఆ జాకెట్టు గురించి చెప్తా, ఎందుకంటే దాని మీద చాలామంది లేనిపోని నమ్మకం పెట్టుకుంటారు.

ఆ జిగేలుమనే రంగు ఫ్లోరసెంట్ రంగు. పగటి వెలుగులో మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలుంటాయి కదా, వాటిని పీల్చుకుని కంటికి కనిపించే వెలుగుగా వదులుతుంది. మబ్బు పట్టినా, తెల్లవారుజామైనా బాగా పనిచేస్తుంది. పూర్తిగా చీకటి పడ్డాక వీధి దీపాల కింద ఆ కిరణాలు దాదాపు ఉండవు. అప్పుడది వట్టి లేత రంగు గుడ్డ.

రాత్రి పనిచేసేది ఆ జాకెట్టు మీదున్న వెండి పట్టీ. అందులో సన్నటి గాజు పూసలుంటాయి. వెలుగు ఎటు నుంచి వస్తే అటే తిప్పి పంపుతాయి. డ్రైవరు కళ్ళు హెడ్‌లైటుకు దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి ఆయనకు భగ్గుమన్నట్టు కనిపిస్తుంది. అయితే ముందు ఆ హెడ్‌లైటు మీ మీద పడాలి. పక్క రోడ్డులో ఆగిన కారు లైట్లు ఎదురుగా చూస్తుంటాయి, మీరేమో అడ్డంగా వస్తున్నారు. ఆయన బంపరు ముందుకొచ్చేదాకా మీ పట్టీ మీద వెలుగే పడదు. అంటే నిన్న చీకటిపడే వేళ రంగు సగం పనే చేసింది, పట్టీ అసలు చేయలేదు. మీకు దిక్కయింది ముందు లైటు ఒక్కటే.

డబుల్‌బెల్లు:
ఆ ముందు లైటు ఎటు చూస్తోంది?

చక్రధారి:
కొంచెం కిందికి వంచి పెట్టుకున్నా. గుంతలు కనిపించాలి కదా.

డబుల్‌బెల్లు:
అనుకున్నా. మనం చూడటానికి లైటు వేరు, ఎదుటివాడికి కనిపించడానికి లైటు వేరు. బాగా కిందికి వంచిన లైటు మీకు రోడ్డు చూపిస్తుంది, అవతలివాడికి మాత్రం నేల మీద కదిలే తెల్లమరకలా ఉంటుంది. అలాగని తల ఎత్తి పెడితే ఎదురొచ్చేవాడి కళ్ళు బైర్లు కమ్ముతాయి, కళ్ళు చెదిరినవాడికి మీరేంటి, రోడ్డే కనపడదు.

జర్మనీ నిబంధనలకు తగ్గట్టు తయారైన సైకిలు లైట్లు చూడండి. కారు హెడ్‌లైటుకి లాగే వెలుగు పైఅంచు గీత గీసినట్టు తెగిపోతుంది. అలాంటిది దొరక్కపోతే రెండు లైట్లు పెట్టుకోండి. ఒకటి రోడ్డుకు, చిన్నది ఒకటి కనిపించడానికి. గోడకు ఐదు మీటర్ల దూరంలో సైకిలు నిలబెట్టి చూడండి, పెద్ద లైటు వెలుగులో బాగా చిక్కగా ఉన్న భాగం గోడ మీద లైటు ఎత్తు కన్నా కిందే పడాలి. చిన్నదాన్ని నేరుగా పెట్టినా ఫర్వాలేదు, దాని వెలుగు ఎవరినీ గుడ్డివాణ్ణి చేయదు.

నిదానమే:
లైటు మాట సరే. "తల తిప్పాడు, చూశాడులే అనుకున్నా" అన్నారు చూడండి, అసలు కథ అక్కడుంది.

తల తిప్పడం వేరు, చూడటం వేరు. మన కన్ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతేటప్పుడు మధ్యలో కనిపించేదాన్ని మెదడు మనకు అందనివ్వదు. అద్దం ముందు నిలబడి ఒక కంటి నుంచి ఇంకో కంటికి చూపు మార్చండి, మీ కళ్ళు కదలడం మీకే కనిపించదు. డ్రైవరు అటొకసారి ఇటొకసారి గబగబా చూపు విసిరితే ఆ గెంతుకీ గెంతుకీ మధ్య ఒక సైకిలు పట్టేంత ఖాళీ మిగులుతుంది. పైగా అతను కార్ల కోసం, లారీల కోసం వెతుకుతున్నాడు. కళ్ళ ముందున్నా సరే, వెతకనిది బుర్రకెక్కదు.

ఇంకొకటి, ముందు అద్దానికీ పక్క అద్దానికీ నడుమ ఉండే ఇనుప స్తంభం. చూడ్డానికి బెత్తెడు వెడల్పే, కానీ అది డ్రైవరు కంటికి దగ్గర్లో ఉంటుంది. దూరంగా వచ్చే సైకిలూ దాని మీది మనిషీ మొత్తంగా దాని వెనక దాక్కోవచ్చు. పైగా మీరు రోడ్డు అంచునే వస్తుంటే దాదాపు నేరుగా ఆయన వైపే వస్తున్నట్టు లెక్క, చివరి క్షణం దాకా ఆ స్తంభం వెనక నుంచి పక్కకు జరగరు. ఓడలు నడిపేవాళ్ళకిది బాగా తెలుసు. ఎదుటి ఓడ కనిపించే దిక్కు మారకుండా దగ్గరవుతోందంటే ఢీకొట్టబోతున్నట్టే. కదలనట్టు కనిపించేదే ముంచుతుంది.

అందుకే మొగ దగ్గరికి వచ్చేటప్పుడు రోడ్డులో కాస్త మధ్యకు జరగండి. ఆ జరగడమే కంటికి తగులుతుంది. డ్రైవరు ముఖం చూసి భరోసా పడొద్దు, కారు ముందు చక్రం చూడండి. కారు కదిలిందో లేదో ముఖం చెప్పదు, చక్రం చెబుతుంది. అంగుళం తిరిగినా తెలిసిపోతుంది.

పాతసీటు:
మధ్యకు జరగమని చెప్తున్నారు, బాగుంది. నేను నలభై ఏళ్ళుగా అంచునే తొక్కుతున్నా, ఒంటి మీద గీత పడలేదు. సైకిలుకు అంచే చోటు. మధ్యకెళ్తే వెనక బస్సువాడు ఊరుకుంటాడా?

సందుచివర:
పెద్దవారు, మాట కాదనను. కానీ అంచున ఏముందో ఒక్కసారి చూడండి. ఇసుక, గాజు పెంకులు, డ్రైనేజీ మూతలు, ఆగి ఉన్న కార్లు. నాకు దెబ్బ తగిలింది అంచునే. ఆగి ఉన్న కారు పక్క నుంచి పోతున్నా, ఒక్కసారిగా తలుపు తెరుచుకుంది. తలుపు అంచు నా హ్యాండిల్ కొసకు తగిలింది. హ్యాండిల్ అటు తిరిగితే మనిషి రోడ్డు వైపు పడతాడు, అంటే వెనకొచ్చే బండి కిందికి. ఆ రోజు వెనక ఏ బండీ లేదు, అందుకే ఈ పోస్టు రాయగలుగుతున్నా. మూడు వారాలు చెయ్యి కట్టుతో తిరిగా.

కారు తలుపు పూర్తిగా తెరిస్తే దాదాపు మీటరు దూరం బయటికి వస్తుంది. ఆగిన కార్ల వరస పక్కన పోతుంటే ఆ మీటరు వదిలేయాల్సిందే. వదిలితే మీరు అంచున ఉండరు, లేన్‌లోకి వస్తారు. రావాలి కూడా. వెనక అద్దంలో నుంచి తల కనిపిస్తోందా, బ్రేకు లైటు ఇప్పుడే ఆరిందా, ఇవన్నీ చూస్తూనే ఉంటాను, కానీ ప్రతి కారులోకీ తొంగిచూడటం ఎవరి వల్లా కాదు. దూరమే మందు.

కారులో కూర్చునేవాళ్ళు కూడా ఈ థ్రెడ్ చదువుతుంటారు కాబట్టి ఒక మాట. తలుపుకు దగ్గరున్న చేత్తో కాకుండా అవతలి చేత్తో తీయండి. ఒళ్ళు దానంతటదే తిరుగుతుంది, చూపు వెనక్కి పడుతుంది. నెదర్లాండ్స్‌లో ఇలా నేర్పుతారు.

పాతసీటు:
తలుపుల విషయం ఒప్పుకున్నా. కానీ అరవై, డెబ్బై స్పీడులో బండ్లు పోయే రోడ్డు మీద లేన్ మధ్యలో తొక్కమంటే మాత్రం నేను ఒప్పుకోను.

సందుచివర:
అక్కడ నేనూ ఒప్పుకోను. 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. మిమ్మల్ని చూసి కాలు బ్రేకు మీదికి వెళ్ళేసరికే సెకనో, సెకనున్నరో అవుతుంది. అంటే బ్రేకు పడకముందే 14 నుంచి 21 మీటర్లు అయిపోయాయి. అలాంటి రోడ్డుకి జవాబు లేన్‌లో ఎక్కడ ఉండాలన్నది కాదు. ఇంకో రోడ్డు వెతుక్కోవడం. ఐదు నిమిషాలు ఆలస్యమైనా చిన్న రోడ్లలోంచే వెళ్తా. ఇరుకు రోడ్డులో, వెనకవాడు పక్కనుంచి దూరిపోయేంత చోటు లేనప్పుడు, "దూరితే దూరు" అన్నట్టు అంచుకి నక్కితేనే ప్రమాదం. మధ్యలో ఉండి, చోటు దొరకగానే పక్కకు తప్పుకుని చెయ్యి ఊపండి. వాళ్ళూ మనుషులే, ఊపితే నవ్వుతారు. కొందరు నవ్వరు.

లారీమామ:
నేను సైకిలు తొక్కను. ఇరవై రెండేళ్ళుగా లారీ తోలుతున్నా. మా వాడు కాలేజీకి సైకిలు మీద పోతాడు, వాడి కోసమే ఇక్కడ చదువుతుంటా. క్యాబిన్‌లోంచి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పట్లేదు, నేను చెప్తా.

పోయిన నెల మా వాణ్ణి లారీ చుట్టూ నడిపించా. నేను సీట్లో కూర్చుని "కనపడుతున్నావు, కనపడుతున్నావు" అంటున్నా. వాడు నీలం చొక్కా వేసుకున్నాడు. ముందు బంపరుకు ఆనుకుని నిలబడేసరికి మొత్తం మాయమైపోయాడు. ఆరడుగుల మనిషి సుమా. అంచు వైపు తలుపు పక్కన నిలబెడితే తల పైభాగం కూడా కనపడలేదు. వెనక ఎలాగూ ఏమీ కనపడదు. తర్వాత నేను కూర్చున్న చోట వాణ్ణి కూర్చోబెట్టి, నేను కింద తిరిగా. కిందకి దిగాక చాలాసేపు వాడేం మాట్లాడలేదు.

కాబట్టి బాబూ, సిగ్నల్ దగ్గర లారీకీ రోడ్డు అంచుకీ నడుమ సందు దొరికిందని దూరొద్దు. నేను అటే తిరిగితే ముందు చక్రాలు వెడల్పుగా పోతాయి, వెనక చక్రాలు మాత్రం లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు ఖాళీ ఉందని మీరనుకున్న చోటే మూసుకుపోతుంది. పైగా మొదట అవతలికి జరిగి తర్వాత ఇటు తిరుగుతాం, "అటు పోతున్నాడులే" అని మీరు లోపలికి వస్తారు. ఎన్నో ప్రాణాలు అక్కడే పోయాయి. వెనకే ఆగండి. ఆగేటప్పుడు కూడా నా అద్దంలో నా ముఖం మీకు కనపడేలా నిలబడండి. నా ముఖం మీకు కనపడకపోతే మీరు నాకు లేనట్టే.

ఇంకో మాట. రాత్రిపూట దూరం నుంచి ఎర్ర చుక్క కనిపిస్తే అది సైకిలో, రోడ్డు పక్క గుర్తో, ఆగిన బండో వెంటనే తెలియదు. కింద రెండు చుక్కలు పైకీ కిందికీ ఆడుతుంటే మాత్రం, మనిషి కాళ్ళు అని ఎంత దూరం నుంచైనా పసిగడతాను.

గొలుసునూనె:
లారీమామ గారూ, మీరు కళ్ళతో పట్టుకున్నదానికి శాస్త్రంలో పేరుంది. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ 1973లో రాసిన పరిశోధన పత్రం అదే చూపించింది. చీకట్లో మనిషి కీళ్ళకు మాత్రమే చిన్న దీపాలు పెట్టి నడిపిస్తే, ఆ చుక్కల కదలిక చూసి ఇది నడుస్తున్న మనిషని జనం చిటికెలో గుర్తుపట్టేశారు. ఆగిపోతే వట్టి చుక్కలే. తర్వాత రోడ్డు మీద చేసిన పరీక్షల్లో కూడా చీలమండలకీ మోకాళ్ళకీ మెరిసే పట్టీలు కట్టిన సైకిలువాణ్ణి, చొక్కా మీద మాత్రమే మెరుపున్నవాడి కంటే మెరుగ్గా గుర్తుపట్టారు.

చక్రధారి గారూ, రెండు చీలమండ పట్టీలు కట్టండి. పెడళ్ళకు నారింజ రిఫ్లెక్టర్లు ఉన్నాయా? పాత సైకిళ్ళకు ఉంటాయి, మనం ముచ్చటపడి మార్చే పెడళ్ళకు ఉండవు.

చీకటిబాట:
కొత్త సభ్యుణ్ణి. మిణుకు లైటు మంచిదా, నిలకడగా వెలిగేది మంచిదా? షాపువాడు మిణుకే బెస్ట్ అంటాడు.

డబుల్‌బెల్లు:
మిణుకు చూపును లాగుతుంది, నిలకడ లైటు దూరాన్ని చెబుతుంది. మిణుకు లైటు ఒక్కటే ఉంటే వెనకవాడికి మీరు ఉన్నారని తెలుస్తుంది కానీ ఎంత దూరంలో ఉన్నారో, ఎంత వేగంగా దగ్గరవుతున్నారో అంచనా వేయడం కష్టం. జర్మనీలో సైకిలుకు మిణుకు లైటు పెట్టడమే నిషిద్ధం. పగలు మిణుకు, రాత్రి నిలకడ, ఇదీ నా పద్ధతి. రెండు ఉంటే రాత్రి ఒకటి నిలకడగా, రెండోది మెల్లగా మిణికేలా పెట్టుకోవచ్చు.

పగలు కూడా వేసుకోండి. డెన్మార్క్‌లోని ఒడెన్సే నగరంలో కొన్ని వేల మందిని తీసుకుని, వాళ్ళలో దాదాపు సగం మంది సైకిళ్ళకు ఎప్పుడూ వెలుగుతూ ఉండే లైట్లు బిగించి, మిగతావాళ్ళతో పోల్చి చూశారు. లైట్లున్నవాళ్ళలో గాయమైన ప్రమాదాలు 19 శాతం తక్కువ వచ్చాయి.

చీకటిబాట:
హెల్మెట్ గురించి కూడా

మోడరేటర్:
హెల్మెట్ పోట్లాటకు వేరే థ్రెడ్ ఉంది, 400 పోస్టులు దాటింది. ఇక్కడ వద్దు, దయచేసి. పెట్టుకోండి, అంతే.

నిదానమే:
పోట్లాట కాదు, ఒక ముచ్చట మాత్రం చెప్పి పోతా. ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఇయన్ వాకర్ అనే ఆయన తన సైకిలుకు దూరం కొలిచే పరికరం బిగించుకుని రోడ్డెక్కాడు. హెల్మెట్ పెట్టుకున్నప్పుడు బండ్లు కాస్త దగ్గరగా దాటి పోయాయట. పొడుగు జుట్టు విగ్గు పెట్టుకుంటే ఎక్కువ దూరం ఇచ్చాయట. తర్వాత రకరకాల కోట్లతో ఇంకో పరీక్ష జరిగింది. ఎంత మెరిసే కోటు వేసుకున్నా దూరంలో పెద్ద తేడా లేదు, పోలీసు అన్న మాట రాసి ఉన్న కోటుకు మాత్రమే కొన్ని సెంటీమీటర్లు ఎక్కువ వచ్చాయి. అంటే కనిపించడం ఒక సమస్య, కనిపించాక మర్యాద రావడం ఇంకో సమస్య. రెండోదాన్ని లైటు తీర్చలేదు. హెల్మెట్ తీసేయమని మాత్రం దీని అర్థం కాదు, మోడరేటర్ గారూ, మీరు కోప్పడొద్దు.

మబ్బుపట్టింది:
ఎండ గురించి ఎవరూ అనలేదు. రాత్రి కంటే నాకు భయం పొద్దు వాలేటప్పుడే. ఒక్క గుర్తు చాలు. మీ నీడ పొడుగ్గా మీ ముందు పడుతోందంటే సూర్యుడు మీ వెనక ఉన్నాడు. మీకు లోకమంతా బంగారంలా స్పష్టంగా ఉంటుంది. ఎదురొచ్చి మీ దారికి అడ్డంగా మలుపు తిరిగేవాడికి మాత్రం సూర్యుడు నేరుగా కళ్ళలో ఉంటాడు. ఎండ మీ కళ్ళలో పడుతుంటే, మీ వెనక వచ్చేవాడికీ అదే గతి. నీడ పొడుగైతే నేను వేగం తగ్గిస్తా.

వానలో అద్దాల మీద చుక్కలు, వైపర్లు, ఎదురు లైట్ల ప్రతిఫలనం. మీ ఎర్ర లైటు వంద ఎర్ర మెరుపుల్లో ఒకటైపోతుంది. మనకు కూడా ముప్పే. రోడ్డు మీద తెల్ల గీతలు, ఇనుప మూతలు తడిస్తే సబ్బులా జారతాయి, వాటి మీద తిప్పొద్దు, బ్రేకు పట్టొద్దు. రిమ్ము మీద పట్టే బ్రేకులైతే మొదటి చుట్టు నీళ్ళు తుడవడానికే పోతుంది, పట్టు తర్వాత వస్తుంది. ఆగాల్సిన చోటుకు ముందే మెల్లగా ఒకసారి రబ్బర్లు తాకించి ఆరబెట్టుకోవాలి.

సందుచివర:
వెనక్కి చూడటం కూడా నేర్చుకోవాలి. ఎవరూ నేర్పరు దీన్ని. తల తిప్పగానే హ్యాండిల్ కూడా అటే తిరుగుతుంది కొత్తవాళ్ళకు. ఖాళీ మైదానంలో ఒక గీత మీద తొక్కుతూ భుజం మీదుగా చూసి, వెనక స్నేహితుడు ఎన్ని వేళ్ళు చూపించాడో చెప్పాలి. గీత దాటకుండా చెప్పగలిగితే రోడ్డెక్కండి. అద్దం పెట్టుకున్నా సరే, భుజం మీదుగా ఒక చూపు పోవాలి. ఆ చూపుకి ఇంకో లాభం ఉంది. మీరు పక్కకు రాబోతున్నారని వెనకవాడికి అర్థమవుతుంది. ముఖం కనిపించాక అతనికి మీరు మనిషి అవుతారు.

చక్రధారి:
అందరికీ థ్యాంక్స్. నాలుగు రోజులైంది, చెప్పాల్సింది కొంచెం ఉంది.

మొన్న చీకటిపడే వేళ నా ఫ్రెండ్‌ని వీధి చివర నిలబెట్టి, నేను మామూలుగా ఆఫీసుకి వెళ్ళేలాగే బ్యాగు తగిలించుకుని తొక్కా. వాడు ఫోన్లో వీడియో తీశాడు. చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా ఎర్ర లైటు సీటు కింద ఉంటుంది. బ్యాగు అడుగు పట్టీ, చొక్కా కొస కలిసి దాన్ని సగానికి పైగా మూసేశాయి. పెడల్ తొక్కే ప్రతిసారీ చొక్కా కొస ఊగి లైటు ఆరినట్టూ వెలిగినట్టూ కనిపించింది. ఆరు నెలలుగా నేను ఆ లైటు వేసుకుని, వెనక నన్ను ఎవరైనా చూస్తున్నారన్న ధైర్యంతో తిరుగుతున్నా! లైటు అద్దం మీద కూడా వేలితో గీస్తే గీత పడేంత మట్టి. తుడిచి, వెనక క్యారియర్ చివరకు మార్చా. ముందు లైటు కొంచెం ఎత్తా, రెండోది చిన్నది బిగించా. చీలమండ పట్టీలు కట్టా.

నిన్న అదే మొగ దగ్గరికి వచ్చా. ఇంకో కారు ఆగి ఉంది, వేరేది. గుండె కొట్టుకోవడం నాకే వినపడింది. ముందే మధ్యకు జరిగా, తొక్కడం ఆపి బ్రేకుల మీద వేళ్ళు పెట్టా, ఆయన ముఖం చూడలేదు, ముందు చక్రం మీది మూడు నట్ల మీదే కళ్ళు పెట్టా. నట్లు కదల్లేదు. దాటా.

పాతసీటు:
నువ్వు రాసింది చదివి నా ఎర్ర లైటు చూసుకున్నా. అదీ మట్టి కొట్టుకుపోయి ఉంది. నలభై ఏళ్ళ అనుభవం!

చీకటిబాట:
చార్జింగ్ లైటు పెట్టుకుంటే సరిగ్గా ఇంటికి బయల్దేరే ముందే అయిపోతోంది. దీనికేమైనా మందుందా?

డబుల్‌బెల్లు:
బ్యాగులో బ్యాటరీతో పనిచేసే బుల్లి లైటు ఒకటి పడేసి మర్చిపో. లేదంటే చక్రంలో డైనమో హబ్ పెట్టించుకో, చక్రం తిరుగుతుంటే అదే కరెంటు పుట్టిస్తుంది, తొక్కినంతసేపూ లైటు వెలుగుతుంది. కొంచెం బరువు, అంతే.

లారీమామ:
మా వాడికి పట్టీలు కొన్నా. నేను అడగకముందే ఇంకో జత తెచ్చాడు, వాళ్ళ ఫ్రెండ్‌కి అట.